సీటు కింద నాలుగు బెజ్జాలు

గుంటూరు షోరూములో జనం కూర్చునే చోటికీ, బళ్లు విప్పే చోటికీ మధ్య నేల మీద ఒక పసుపు గీత ఉంది. తోమా ఆ గీత దగ్గర ఆగిపోయాడు. ఆగమని ఎవరూ అనలేదు. లోపల పనిచేసేవాళ్లంతా ఒకే రంగు నీలం చొక్కాల్లో ఉన్నారు. తన చొక్కా జేబు దగ్గర ఎన్నిసార్లు ఉతికినా పోని ఇంజనాయిల్ మరక ఉంది. దాన్ని అరచేత్తో కప్పుకుని నిలబడ్డాడు.

గీతకు అవతల ఎత్తుబల్ల మీద యలమంద బండి ఉంది. యలమంద మార్టూరు చుట్టుపక్కల ఊళ్లకు గోపాలమిత్ర. ఫలానా ఇంట్లో గేదె ఎదకొచ్చిందని ఫోను రాగానే వీర్యం నిలవుంచే నైట్రోజన్ డబ్బా బండికి కట్టుకుని వెళ్లి చూలు సూది వేసి రావాలి. పూట దాటితే ఎద పోతుంది. అలాంటివాడి బండి రెండు నెలల నుంచి చెప్పాపెట్టకుండా దారి మధ్యలో ఆగిపోతోంది. కార్బురేటరు లేని బండి అది. ఎప్పుడెంత పెట్రోలు పోయాలో సీటు కింద ఉన్న చిన్న కంప్యూటరు పెట్టె చూసుకుంటుంది. మార్టూరులో అలాంటిది అదొక్కటే. పాతికేళ్లుగా ఇంజను చప్పుడు విని రోగం చెప్పే తోమాకు ఈ బండి చప్పుడు మాత్రం ఏమీ అర్థం కాలేదు. "గుంటూరు తీసకపోదాం యలమందా, నేనూ వస్తా. వాళ్లు ఎట్టా చూస్తారో నేనూ చూడాల" అని తనే బయల్దేరదీశాడు.

నీలం చొక్కా మెకానిక్ సీటు ఎత్తి, ఒక కేబులు చివరను లోపల ఎక్కడో గుచ్చాడు. రెండో చివర లాప్‌టాప్‌కి ఉంది. తెర మీద అక్షరాలు వరసలుగా కదిలాయి. తోమా మెడ చాచాడు.

"బాబూ, ఏం వస్తందక్కడ?"

ఆ మెకానిక్ వెనక్కి చూశాడు. వెనకనున్న సూపర్‌వైజరు రెండు వేళ్లతో లాప్‌టాప్ మూతను అటువైపు తిప్పాడు.

"అది కంపెనీవాళ్లకండీ. కస్టమర్లు అక్కడ కూర్చోండి."

"నేనూ మెకానిక్కునేనండి."

"అయితే మరీ అక్కడే ఉండాలి."

ఎవరో నవ్వారు. తోమా జేబు మీద చెయ్యి తియ్యలేదు.

పావుగంట తర్వాత సూపర్‌వైజరు ఒక కార్డు పట్టుకొచ్చి యలమందకు ఇచ్చాడు. కార్డు మీద తేదీ, రెండువేల తొమ్మిది ఫిబ్రవరి పది, దాని కింద రెండు ముక్కలు. కంప్యూటరు పెట్టె పోయింది, కొత్తది వెయ్యాలి. బయటి మెకానిక్ చెయ్యి పెట్టినందువల్ల జరిగింది కాబట్టి కంపెనీకి సంబంధం లేదు.

"ఏం చూసి పోయిందంటున్నారండీ?" అన్నాడు యలమంద.

"మెషీన్ చెప్పింది."

"అదేం చెప్పిందో మాకూ చెప్పండి."

"చెప్పాం గదండీ. పోయిందని."

కొత్త పెట్టె పదహారు వేలు. యలమంద కార్డు మడిచి జేబులో పెట్టుకుని, బండి దింపించుకుని స్టార్టు చేశాడు. బండి ఠక్కున అందుకుంది. ఎత్తుబల్ల మీద ఉన్నంతసేపూ అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి తోమాకు తోచింది గానీ అడిగేందుకు అక్కడ ఎవరూ లేరు.

చిలకలూరిపేట దాకా చక్కగా వచ్చారు. ఊరు దాటాక రోడ్డు పని జరుగుతున్నచోట కంకర మీదికి దిగారో లేదో బండి ఒక్కసారి ఎగశ్వాస తీసి ఆగిపోయింది. చేలల్లో కోసిన మిరపకాయలు పట్టాల మీద ఎర్రగా ఆరుతున్నాయి. గాలి అటునుంచి వీచి ఇద్దరికీ దగ్గు తెప్పించింది. యలమంద స్టాండు వేసి, మీటనొక్కి, మళ్లీ నొక్కి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే ఫోను మోగింది.

"సుబ్బరావమ్మ గారూ... ఆఁ... వస్తన్నానండి... లేదండీ, పేట దగ్గరున్నా..."

అవతలి గొంతు తోమాకే వినిపించేంత పెద్దగా ఉంది. కోనంకి ఊళ్లో ఉండే సుబ్బరావమ్మకు ఉన్నది ఒకే గేదె. పొద్దుటి నుంచీ అరుస్తోందట. నాలుగుసార్లు ఫోను చేసిందట. "పోయినసారీ ఇట్టాగే అన్నావు గదయ్యా! నీకు చాతకాపోతే చాతకాదని చెప్పు, అద్దంకి నుంచి ఇంకోణ్ణి పిలిపించుకుంటా. గేదెకేం తెలుసు నీ బండి సంగతి?"

ఫోను పెట్టేశాక యలమంద కొంచెంసేపు తోమా వైపు చూడలేదు. తర్వాత కార్డు తీసి మళ్లీ చదివాడు.

"అన్నా, ఒక్కమాట అడుగుతా. ఈ పెట్టెని నువ్వేమన్నా కదిలించావా?"

"నా పిల్లల మీద ఒట్టు. మూత కూడా తియ్యలా."

"నాకు తెలుసు" అన్నాడు యలమంద. తెలుసు అన్న మాటకు ముందు చిన్న ఖాళీ ఉంది. తోమా ఆ ఖాళీ విన్నాడు.

అతను సీటు తాళం తీశాడు. షోరూము వాళ్లు ఎక్కడ గుచ్చారో వెతికాడు. బ్యాటరీ పక్కన రబ్బరు టోపీ ఊడి వేలాడుతోంది. దాని వెనక వైర్లు కలిపే వేలిగోరంత ఎర్ర ప్లాస్టిక్ కప్లరు, అందులో నాలుగు బెజ్జాలు. టోపీ పెట్టడం కూడా మర్చిపోయారు.

"ఇందులోనే" అన్నాడు తోమా. "వాడు గుచ్చింది దీన్లోనే."

*

మార్టూరు సెంటర్లో రాయి పాలిష్ ఫ్యాక్టరీలకు వెళ్లే దారి మొదట్లో షాజాదీ కొట్టు ఉంది. వాళ్ల నాన్న రోజుల్లో అది రేడియో కొట్టు. తర్వాత టీవీలొచ్చాయి, ఇప్పుడు సెల్‌ఫోన్లొచ్చాయి. కొట్టు అదే, కుర్చీ అదే. షాజాదీకి నలభై దాటాయి. కళ్లజోడు ఒక కమ్మీ విరిగితే దానికి రాగి తీగ చుట్టి పెట్టుకుంది. వీధిలో ఎగిరే తెల్లటి రాతిపొడి ఆమె బల్ల మీద, టీవీ గుల్లల మీద, పాటలెక్కించే పాత కంప్యూటరు మీద పలచగా పరుచుకుని ఉంటుంది. పొద్దున్నే ఆమె చేసే మొదటి పని పెయింటు బ్రష్షుతో దాన్ని ఊడవడం.

ఊడుస్తుండగానే తోమా వచ్చాడు. గుంటూరులో జరిగింది చెప్పాడు. మూత తిప్పిన సంగతి దగ్గరకొచ్చేసరికి అతని చెయ్యి మళ్లీ జేబు మీదికి పోయింది. షాజాదీ బ్రష్షు ఆపింది.

"బోర్డు పోయిందన్నారా? ఫోన్లవాళ్లదీ అదే మాట అన్నా. నీళ్లల్లో పడ్డా బోర్డు పోయిందే, కిందపడ్డా బోర్డు పోయిందే. నా దగ్గరికొచ్చినవాటిల్లో పదింటికి ఏడు బాగయ్యే పోయినయ్."

"మాట్లాడే మెషీన్ వాళ్లకుంది. మనకు లేదు."

"మాట్లాడేది మెషీన్ కాదు, బండి. మధ్యలో వైరు కావాల, అంతే." ఆమె కళ్లజోడు పైకి నెట్టుకుంది. "బండి తీసుకురా. ఆ నాలుగు బెజ్జాల్లో ఏముందో ముందు చూద్దాం."

యలమంద బండిని తోసుకుంటూ తెచ్చి కొట్టు ముందు నిలబెట్టి, తమ్ముడి పాత స్కూటరు మీద డబ్బా పెట్టుకుని వలపర్ల వెళ్లిపోయాడు. ముందురోజు కోనంకికి చీకటిపడ్డాక చేరాడనీ, అప్పటికి గేదె ఎద చల్లారిపోయిందనీ, సుబ్బరావమ్మ లోపలికి కూడా రానివ్వలేదనీ వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

షాజాదీ గుమ్మంలో గొంతుక్కూచుని కరెంటు కొలిచే మీటరు పుల్లలు పట్టుకుంది. తాళం తిప్పమంది. ఒక బెజ్జంలో పన్నెండు ఓల్టులు. ఇంకోటి ఎర్త్. మూడో దాంట్లో కూడా పన్నెండుకు దగ్గరగా చూపించింది గానీ, చిన్న బల్బు తగిలిస్తే వెలగలేదు.

"చూశావా? ఇది కరెంటిచ్చేది కాదు, కబురిచ్చేది. రాను, పోను ఒకటే వైరు. నాలుగోది ఖాళీ." తోమా ఆ మూడో బెజ్జాన్ని వంగి చూశాడు. అందులో చూడ్డానికేమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె బస్సెక్కి చిలకలూరిపేట ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి నాలుగు కాగితాలు ప్రింటు తీయించుకొచ్చింది. ఎక్కడో ఏ దేశంలోనో తమ బళ్లు తామే బాగుచేసుకునే మనుషులు ఒకరికొకరు రాసుకున్న కాగితాలు. దాంతోపాటు ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఒకటి మెమరీ కార్డులో తెచ్చింది.

"అంతా ఇంగ్లీషేగా" అన్నాడు తోమా.

"బొమ్మ ఉంది గదన్నా. బొమ్మకి భాషేంది?"

బొమ్మ ప్రకారం బండి వైపు పన్నెండు ఓల్టులు కంప్యూటరుకు తగలకూడదు, తగిలితే కంప్యూటరు కాలుతుంది. మధ్యలో ఆప్టో అనే బుడ్డ ఐసీలు రెండు కావాలి. వాటి లోపల ఒక పక్క చిన్న దీపం, ఇంకో పక్క దాన్ని చూసే కన్ను. కరెంటు దాటదు, వెలుగు దాటుతుంది. కొనాలంటే విజయవాడ పోవాలి. షాజాదీ లేచి మూలనున్న చచ్చిన టీవీ బోర్డుల గుట్టలోంచి ఒకదాన్ని లాగింది. దాని పవరు సప్లయి దగ్గర నాలుగు కాళ్ల నల్లటి బుడ్డది. అదే ఆప్టో. ఇంకో బోర్డులోంచి ఇంకోటి. ఒక్కో కాలి దగ్గరా వేడి సోల్డరింగ్ ఐరన్ ఆనించి అతుకు లెడ్డు కరగ్గానే గుండుసూదితో లేపింది. కాలు విరక్కుండా, పురుగుని పట్టుకున్నట్టు పట్టుకుని పైకి తీసింది.

తోమా పని వేరే ఉంది. ఆ ఎర్ర కప్లరుకు సరిపడే మగ ముక్క బజారులో దొరకదు. అతను షెడ్డులో పాత కప్లర్ల డబ్బా మొత్తం గోనె మీద కుమ్మరించాడు. పాతికేళ్లలో ఏ బండి నుంచి తీసినా పారెయ్యనివి. ఒక పాత మోపెడ్‌ది నాలుగు పిన్నుల ముక్క కొంచెం దగ్గరగా ఉంది గానీ ఒక పక్క అంచు ఎక్కువ. దాన్ని మునివేళ్లతో పట్టుకుని, ప్లగ్ పాయింటు గీకే సన్నాకురాయితో రుద్దాడు. రుద్ది, షాజాదీ కొట్టుకు నడిచొచ్చి పెట్టి చూసి, మళ్లీ వెనక్కి నడిచి రుద్దాడు. ఆ సాయంత్రానికి ఆ దారిలో పదకొండుసార్లు తిరిగాడు. పదకొండోసారి అది కప్లరులోకి వెళ్లి 'టిక్' మంది.

"ఏంది, ఉంగరం తొడిగినట్టు మురుస్తన్నావ్?" అని షాజాదీ నవ్వింది.

ఇంటికెళ్లాక భార్య కొండమ్మ అతని వేళ్ల కొసలు చూసి, "రాళ్లు కొట్టావా ఏంది?" అంది. ఆమె పగలంతా మిరపకాయ తొడిమలు తీసొచ్చి చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. తోమా తన వేళ్లు కూడా అదే గిన్నెలో పెట్టాడు.

"గుంటూరోళ్లు నా చెయ్యి పడి బండి చెడిందని రాశారే. కాదని చూపించాల."

"ఎవరికి చూపిస్తావు? గుంటూరోళ్లకా?"

అతను కొంచెం ఆలోచించాడు. "యలమందకి" అన్నాడు.

*

మర్నాడు ఉదయం పదింటికి కేబులు తయారైంది. సబ్బుపెట్టెలో రెండు ఆప్టోలు, ఒక ట్రాన్సిస్టరు, అయిదారు రెసిస్టర్లు. ఒక చివర తోమా అరగదీసిన కప్లరు, ఇంకో చివర కంప్యూటరు వెనక తొమ్మిది పిన్నుల సాకెట్టుకు సరిపడేది. కంప్యూటరు బల్లను గుమ్మం దాకా జరిపారు. పాటలెక్కించుకోవడానికొచ్చిన ఇద్దరు ఫ్యాక్టరీ కూలీలు తమ పని మర్చిపోయి అక్కడే నిలబడ్డారు.

తాళం తిప్పారు. షాజాదీ మౌస్ నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు.

మళ్లీ నొక్కింది. ఈసారి వచ్చింది గానీ, సున్నాలు, చుక్కలు, అర్థంలేని గుర్తులు, చింపిరి చింపిరిగా.

"పలుకుతాంది గానీ నత్తిగా పలుకుతాంది" అంది ఆమె. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. కాగితం మీద వేలు పెట్టుకుని వెనక్కి వెళ్లింది. కూలీలు వెళ్లిపోయారు. యలమంద స్కూటరు మీద వచ్చి, "ఏమన్నా తేలిందా?" అని అడిగి, లేదని తెలిసి, కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. అతని ముఖంలో ఆశ కంటే మర్యాద ఎక్కువగా ఉంది. తోమాకు అది షోరూము నవ్వు కంటే కష్టంగా తోచింది.

గంట తర్వాత షాజాదీ ఒక్కసారిగా నెత్తి మీద చిన్నగా కొట్టుకుంది. "కన్ను మూసుకోడానికి లేటవతంది! బండి గబగబా చెప్పుకుపోతంటే మన ఆప్టో ఒక అక్షరం అయ్యేలోపు రెండోది మింగతంది." వెలుగును చూసే వైపు తను పెట్టిన రెసిస్టరు పెద్దది. దాన్ని పీకి, దానిలో పదో వంతుది పెట్టి లెడ్డు వేసింది. ఊదింది. "ఇప్పుడు తిప్పన్నా తాళం."

తెర మీద నిలువుగా వరస దిగింది. ఇంజను వేడి ముప్పయ్యొకటి. బ్యాటరీ పన్నెండున్నర. థ్రాటిల్. గాలి ఒత్తిడి. ఒక్కోదాని ఎదురుగా ఒక్కో అంకె, నిలకడగా.

తోమా యాక్సిలేటరు కొంచెం తిప్పాడు. తెర మీద థ్రాటిల్ అంకె పెరిగింది. వదిలాడు. తగ్గింది. మళ్లీ తిప్పాడు. అతని గొంతులోంచి చిన్నపిల్లాడి లాంటి చప్పుడొకటి వచ్చింది. పాతికేళ్లలో మొదటిసారి ఒక బండి అతనికి తెలియని భాషలో మాట్లాడింది, అది అతనికి అర్థమైంది.

"పెట్టె పోతే ఇవన్నీ ఎవరు చెప్తన్నారు మరి?" అంది షాజాదీ. "పెట్టె బంగారంలా ఉంది."

యలమంద అరుగు దిగి వచ్చి తెర ముందు వంగాడు. చాలాసేపు చూశాడు. "అయితే ఎందుకాగుతంది?"

ఇంజను స్టార్టు చేశారు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, ఆగలేదు. షోరూములో ఆగనట్టే. "స్టాండు మీద ఇది ఎన్నటికీ ఆగదు" అన్నాడు తోమా. "కంకర మీదే ఆగుద్ది. యలమందా, గతుకులొస్తే నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తానన్నా, మోకాళ్లతో ట్యాంకు బిగించి పట్టుకుంటా. వెనక డబ్బా ఉంటది గదా."

తోమా బండి పక్కన నిలబడి రెండు అరచేతులూ పెట్రోలు ట్యాంకు మీద పెట్టి, తన బరువంతా వేసి నొక్కాడు. ఇంజను ఎగశ్వాస తీసి ఆగిపోయింది.

"పడిపోయినయ్!" షాజాదీ అరిచింది. "థ్రాటిల్ సున్నా, గాలి సున్నా. రెండూ ఒకేసారి." ఆమె వేలితో తెర మీద ఆ రెండు వరసలూ కలుపుతూ గీసింది. "వాటిని కొలిచే రెండు వేరు వేరు వస్తువులు ఒక్క క్షణంలో చెడవన్నా. రెండింటికీ కరెంటు మోసే వైరు ఒకటే ఉంటది. అది బాడీకి తగలతంది. ట్యాంకు కింద."

యలమంద ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "టీ తెస్తా" అంటూ రోడ్డు దాటి పరుగెత్తాడు. రెండు నెలల తర్వాత అతను పరుగెత్తడం తోమా చూశాడు.

*

ట్యాంకు బోల్టు విప్పి వెనక్కి ఎత్తగానే కనిపించింది. కిందనున్న వైర్ల కట్ట ఉండాల్సిన గాడిలో లేదు. గాడిలోంచి పక్కకు జరిగి ఇనుప పట్టీ మీద కూర్చుంది. దాని మీద ట్యాంకు కూర్చుంది. ఒక వైరు తోలు అరిగి, లోపలి రాగి చీమతలంత మెరుస్తోంది. ఆ కట్ట చుట్టూ సైకిలు ట్యూబు కత్తిరించిన నల్లటి పేలిక, రెండు ముళ్లు వేసి ఉంది.

కంపెనీవాళ్లు ట్యూబు పేలికలు కట్టరు. మార్టూరులో అలా కట్టేది ఒక్కడే. పైముడి ఎడమవైపు తిప్పి కొస లోపలికి దోపడం అతని చేతి అలవాటు.

డిసెంబరులో ట్యాంకులో నీళ్లు చేరాయని తనే దించి కడిగాడు. మళ్లీ ఎక్కించేటప్పుడు వైర్లు వదులుగా ఉన్నాయనిపించి, మంచికే, ఆ పేలిక కట్టాడు. ఆ తర్వాత వారానికే బండి మొదటిసారి ఆగింది. ఈ రెండిటినీ అతను ఎన్నడూ కలిపి చూసుకోలేదు. పెట్టె ముట్టుకోలేదన్న ధైర్యంతో ఇంకేం ముట్టుకున్నాడో గుర్తు చేసుకోలేదు.

తోమా ముడి మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. గుంటూరు కార్డు మీద రాసిన రెండు ముక్కల్లో ఒకటి అబద్ధం. రెండోది నిజం.

షాజాదీ తొంగి చూసింది. ముడి చూసింది, అతని ముఖం చూసింది. ఆమెకు కూడా ఆ ముళ్లు తెలుసు. ఆమె కొట్టు షట్టరు తాడుకు అతనే కట్టాడు. ఆమె బల్ల మీది టేపు చుట్ట తీసి అతని పక్కన పెట్టి, లోపలికి వెళ్లి ఎవరిదో ఫోను విప్పడం మొదలెట్టింది.

రోడ్డుకు అవతల యలమంద మూడు టీ గ్లాసులు రెండు చేతులతో పట్టుకుని లారీలు పోవడానికి ఆగి ఉన్నాడు. రాగి మీద టేపు చుట్టి, కట్టను గాడిలోకి నెట్టి, పేలిక తెంపి జేబులో వేసుకోవడానికి అంత టైము చాలు. ఎలుక కొరికిందంటే నమ్ముతాడు. రాపిడన్నా నమ్ముతాడు. లారీ ఒకటి పోయింది. వెనక ఇంకోటి రాతి దిమ్మె వేసుకుని నెమ్మదిగా పోతోంది.

తోమా ట్యాంకును అలాగే పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"దొరికిందా అన్నా?"

"దొరికింది. ఇటు రా, చూడు." యలమంద వంగాడు. "ఇదిగో రాగి. ఇది బాడీకి తగిలినప్పుడల్లా ఆగుతంది. వైరు ఇక్కడ ఉండగూడదు, ఈ గాడిలో ఉండాల. ఈ పేలిక నేను కట్టిందే. ట్యాంకు కడిగినప్పుడు. తప్పు నాది యలమందా."

యలమంద గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లోంచి టీ ఒలికి అతని వేళ్ల మీద పడింది, తుడుచుకోలేదు.

"రెండు నెల్లన్నా" అన్నాడు. గొంతు పెద్దది కాలేదు. "రెండు నెల్లు. ఎన్ని ఊళ్లలో మాటపడ్డానో తెలుసా నీకు? నిన్న కాక మొన్న సుబ్బరావమ్మ గుమ్మంలోకి రావద్దంది. అంతకుముందు ఫోనులో అన్న మాటలు నువ్వు నా పక్కనే నిలబడి విన్నావు గదా!"

"విన్నా."

"ఒట్టేశావు."

"పెట్టె మీద వేశా. అది నిజమే. మిగతాది నాకు తెలవదు. తెలుసుకోవాల్సింది."

యలమంద అటు తిరిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. షాజాదీ ఐరన్ స్టాండులో పెట్టి వింటోంది. తోమా రాగి మీద లెడ్డు వేయించి, టేపు చుట్టి, కట్టను గాడిలో పడుకోబెట్టి, ట్యాంకు దించి బోల్టు బిగించాడు. పేలిక తెంపి బల్ల మీద అందరికీ కనబడేట్టు వదిలేశాడు. ఇంజను స్టార్టు చేసి ట్యాంకు మీద తన బరువంతా వేసి ఊగాడు. అంకెలు కదల్లేదు.

యలమంద బండెక్కాడు. తాళం తిప్పి, ఒక కాలు నేల మీద ఉంచి, తల తిప్పకుండా అడిగాడు. "నేను రోడ్డవతలున్నా గదా. ఎందుకు చెప్పావు?"

"నువ్వు చూళ్లేదు గానీ నేను చూశా గదా" అన్నాడు తోమా.

యలమంద వెళ్లిపోయాడు. టీ తాగలేదు.

*

రెండు రోజులు అతని నుంచి కబురు లేదు. తోమా షెడ్డులో చెయినులు బిగించాడు, బ్రేకులు మార్చాడు. ప్రతి పనీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఒకసారి చేత్తో తడిమి చూసుకున్నాడు. మూడో రోజు పొద్దున యలమంద బండి షెడ్డు ముందు ఆగింది. వెనక డబ్బా ఉంది.

"ఎక్కన్నా" అన్నాడు.

"ఎక్కడికి?"

"కోనంకి. నేను చెప్తే ఆవిడ నమ్మదు. నువ్వే చెప్పు."

తోమా చేతులు తుడుచుకుని ఎక్కాడు. డబ్బాను తన తొడల మధ్య పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. కోనంకి దారి సగం గుంటలే. ప్రతి గుంట దగ్గరా యలమంద మోకాళ్లు ట్యాంకును బిగించాయి. ప్రతిసారీ తోమా ఊపిరి బిగబట్టాడు. బండి ఆగలేదు. సగం దారి పోయాక ఊపిరి బిగబట్టడం మర్చిపోయాడు.

సుబ్బరావమ్మ గేదెకు జనుము వేస్తోంది. ఎండకు ఎండిన, గట్టి ఎముకల మనిషి. తోమా జరిగిందంతా నిలబడి చెప్పాడు. బండి ఆగింది యలమంద అశ్రద్ధ వల్ల కాదనీ, తను వైరు తప్పుగా కట్టడం వల్లనీ చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక చేతికున్న జనుము దులుపుకుంది.

"ఇది చెప్పడానికా మార్టూరు నుంచి వచ్చావు?"

"అవునమ్మా."

"గేదెకి ఒక ఎద పోయింది. ఇరవై రోజులకి మళ్లొస్తది. పోయింది తెచ్చేదేముంది?" అని యలమంద వైపు తిరిగింది. "ఏమయ్యా, ఈసారి ఫోను చేస్తే ఎంతసేపట్లో వస్తావు?"

"అరగంటలోనమ్మా."

"రాకపోతే నిన్ననను. ఈయన్ని ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచి రమ్మంటా." నవ్వలేదు గానీ, గుమ్మం లోపలికి చూపించింది. "కూచోండి. మజ్జిగ తాగి పోండి."

తిరిగొచ్చేటప్పుడు యలమంద దారంతా మాట్లాడాడు. ద్రోణాదులలో కవల దూడలు పుట్టిన సంగతి, ఈ ఏడు మిరప ధర సంగతి. తోమా వింటూ వచ్చాడు.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఎవరో కొత్త మనిషి బండి తోసుకుంటూ షెడ్డు ముందుకొచ్చాడు. పేరు బాపయ్య, బల్లికురవలో విత్తనాల కొట్టు. బండి ఇంకో కంపెనీది, కార్బురేటరు లేనిదే. ఎక్కి రెండు మైళ్లు పోగానే ఇంజను గుర్తు లైటు వెలిగి, బండి కుంటుతోందట. గుంటూరులోనూ ఒంగోలులోనూ చూపించాడట.

"ఇట్టాంటివి చూసే కేబులు నా ఒక్కడిదీ కాదండి, షాజాదమ్మది కూడా" అన్నాడు తోమా. "మేం నేర్చుకుంటన్నాం. ఒకదాంట్లో తప్పు కూడా చేశా."

"అది తెలిసే వచ్చా" అన్నాడు బాపయ్య నుదురు తుడుచుకుంటూ. "కేబులు సంగతి నాకు తెలవదు. తప్పు మీదయితే మీదేనని చెప్తారంట. యలమంద చెప్పాడు."

తోమా హ్యాండిలు ఒక పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బండిని షాజాదీ కొట్టు దాకా తోసుకెళ్లారు. సీటు ఎత్తి రబ్బరు టోపీ తీశాడు. కేబులు కొస చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఏమైందన్నా?" అంది షాజాదీ లోపల్నుంచి.

"దీనికి ఆరు బెజ్జాలున్నయ్."

షాజాదీ కళ్లజోడు పైకి నెట్టుకుని గుమ్మంలోకి వచ్చి వంగి చూసింది. తోమా కూడా వంగాడు. ఇద్దరి తలలూ కొంచెం తాకాయి.

"ఆరంటే ఆరే" అంది ఆమె మీటరు అందుకుంటూ. "బాపయ్య గారూ, ఆ కుర్చీ లాక్కుని ఇటు కూచోండి. కాసేపు పడుద్ది."